ఎయిర్ వింగ్‌కి దూరమైన మైదానం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప చేల మధ్య పెరిగే పిల్లలకు ఎన్‌సీసీ అంటే గుర్తుకొచ్చేది ఖాకీ యూనిఫాం, ఎర్ర కుచ్చు టోపీ, భుజాన పాయింట్ టూటూ రైఫిల్, పొద్దున్నే కాలేజీ గ్రౌండులో పరేడ్, అది ముగిశాక పెట్టే టిఫిన్. అదే సంస్థలో నీలి చొక్కా వేసుకుని విమానాల నమూనాలు చేసి ఎగరేసే ఎయిర్ వింగ్ కూడా ఉంది. అందులో చేరినవాళ్ళు, అవకాశం దొరికితే, చిన్న విమానంలో శిక్షకుడి పక్కన కూర్చుని పైకి వెళ్తారు. ఈ సంగతి ఇక్కడ చాలామందికి చదువు అయిపోవచ్చాక గాని తెలియదు. ఎందుకిలా అంటే వినిపించే జవాబు ఒకటే: ఈ ప్రాంతపు తల్లిదండ్రులకు కావలసింది డాక్టర్లూ ఇంజినీర్లూ, వాళ్ళ పిల్లలకు ఆకాశం మీద ధ్యాస ఎక్కడిది అని. ఈ జవాబులో నిజం లేకపోలేదు. కాని అది ఈ మధ్యకాలపు నిజం. దాన్ని వెనక్కి సాగదీసి నూరేళ్ళ చరిత్రకు అంటగడితే మాత్రం పొరపాటు. కుర్రాళ్ళు వరుస కట్టి నడవడం ఈ నేలకు 1921 నాటికే తెలుసు. కాలేజీలు అంతకు ముందే వచ్చాయి. రన్‌వే కూడా 1940ల్లోనే వచ్చింది. ఈ మూడింటినీ కలిపే పని మాత్రం ఎవరూ చేయలేదు. ఎయిర్ వింగ్ ఇక్కడ పరాయిదిగా మిగలడానికి పిల్లల ఇష్టం కంటే విమానాశ్రయం ఉన్న దూరమే పెద్ద కారణమని నా వాదన.

ముందు క్రమశిక్షణ సంగతి. చీరాల, పేరాలలను కలిపి మునిసిపాలిటీ చేసి, ఏటా నాలుగు వేల రూపాయలున్న పన్ను భారాన్ని నలభై వేల దాకా పెంచినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ఊళ్ళకు ఊళ్ళనే ఖాళీ చేయించి బయట రామనగర్ కట్టించిన ఉదంతం అందరికీ తెలిసిందే. దాని వెనక పనిచేసిన రామదండు గురించి మాత్రం తక్కువ చెప్పుకుంటాం. అది ప్రత్యేకమైన వేషం, కట్టుబాట్లు, నాయకుడి మాట జవదాటని పద్ధతి ఉన్న వాలంటీర్ల దళం. 1921లో బెజవాడలో కాంగ్రెస్ మహాసమితి సమావేశాలు జరిగినప్పుడు జనాన్ని అదుపు చేసినవాళ్ళు వీళ్ళే. దాదాపు పదకొండు నెలల పాటు వేలమంది గుడిసెల్లో బతికిన ఆ కొత్త ఊరు అల్లకల్లోలం కాకుండా నిలిచిందంటే, ఆ కుర్రాళ్ళ క్రమశిక్షణ కూడా అందుకొక కారణం. ఆ వెంటనే, 1922 ఆరంభంలో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నడిపిన పన్నుల నిరాకరణలోనూ శాంతిసేన పేరుతో రైతుబిడ్డలే కాపలా తిరిగారు, కబుర్లు మోశారు, రెచ్చగొట్టినా చెయ్యెత్తకుండా నిలబడ్డారు. ఇవి సైనిక దళాలు కావు, నిజమే. పైగా సైన్యాన్ని నడిపే ప్రభుత్వానికి ఎదురు తిరిగినవి. అయినా యువకులను దళంగా కట్టి, ఆజ్ఞకు లోబడేలా తీర్చే విద్య ఈ రేగడి నేలకు బయటినుంచి తెచ్చి నేర్పవలసింది కాదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

చదువుల సంగతి ఇంకా పాతది. గుంటూరులో ఆంధ్ర క్రైస్తవ కళాశాల 1885 నుంచి ఉంది. విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే యూనివర్సిటీ కోర్ 1917లో, మొదటి ప్రపంచయుద్ధం నడుస్తుండగా మొదలైంది. 1920 చట్టంతో అది యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ అయింది. 1942లో ఆఫీసర్లను తయారుచేసే కోర్‌గా పేరు మార్చుకుంది. ఆ 1942లోనే ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు సైన్యం చేతికి వెళ్ళడంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకి తరలివచ్చి యుద్ధం ముగిసేదాకా ఇక్కడే నడిచింది. ఆ నాలుగేళ్ళూ తెలుగువాళ్ళ ఏకైక కోస్తా విశ్వవిద్యాలయం, దాని అధ్యాపకులు, దాని విద్యార్థులు గుంటూరు వీధుల్లోనే ఉన్నారు. యుద్ధకాలంలో దేశంలోని కొన్ని విశ్వవిద్యాలయాల్లో వైమానిక శిక్షణ దళాలు కూడా పెట్టారు. విమాన దాడికి భయపడి వచ్చిన విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్ళో కుర్రాళ్ళకు ఆకాశం అంటే ఆసక్తి లేకపోయిందనడం నాకు నమ్మబుద్ధి కాదు.

ఇక రన్‌వే. జపాను భయంతో కోస్తా పొడవునా ఏరోడ్రోములు లేచాయి. గన్నవరం, తాడేపల్లిగూడెం అప్పటివే. ప్రకాశం జిల్లా పడమటి మెట్టలో, గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే అప్పటి మీటర్ గేజ్ లైను మీదున్న దొనకొండలో కూడా యుద్ధ విమానాలు దిగి ఇంధనం నింపుకుని పోవడానికి ఒక రన్‌వే వేశారు. నూట ముప్పై ఎకరాలకు పైబడిన ఆ స్థలం ఇప్పటికీ ఉంది. యుద్ధం అయిపోయింది, విమానాలు వెళ్ళిపోయాయి, రన్‌వే మిగిలింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు రాజధానికి వినిపించిన పేర్లలో దొనకొండ ఒకటి. పారిశ్రామిక వాడ అన్నారు, ప్రయాణికుల విమానాశ్రయం అన్నారు. ఇన్ని ప్రతిపాదనల్లోనూ కేడెట్ల మాట వినపడదు. యుద్ధం కోసం వేసిన ఏరోడ్రోము శాంతికాలంలో దేనికి పనికొస్తుందో బ్రిటన్ మనకంటే ముందు తేల్చుకుంది. అక్కడ 1938లో ఎయిర్ కమొడోర్ చామియర్ పెట్టిన బాలుర దళం 1941 ఫిబ్రవరిలో ఎయిర్ ట్రైనింగ్ కోర్‌గా మారింది. యుద్ధం ముగిశాక కూడా వైమానిక స్థావరాలను ఆనుకుని ఆ స్క్వాడ్రన్లు, గ్లైడర్ బడులు కొనసాగాయి. అమెరికాలో 1941 డిసెంబరు 1న పుట్టిన సివిల్ ఎయిర్ పెట్రోల్ అయితే పౌర విమానాలు, పౌర రన్‌వేల మీదే ఆధారపడి పెరిగింది. రెండు చోట్లా పిల్లల్ని విమానం దగ్గరికి తీసుకెళ్ళే వీలు ముందు చూశారు.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దగ్గర ఆలోచన సిద్ధంగానే ఉంది. 1946లో వేసిన పండిత హృదయనాథ్ కుంజ్రూ కమిటీ మరుసటి ఏడాది నివేదిక ఇచ్చింది. 1948 ఏప్రిల్‌లో చట్టం అయింది, జులైలో నేషనల్ కేడెట్ కోర్ మొదలైంది. మొదట ఇరవై వేల మంది కేడెట్లు, అందరూ పదాతిదళం పద్ధతిలోనే. 1949లో బాలికల విభాగం వచ్చింది. ఎయిర్ వింగ్ 1950 ఏప్రిల్ 1న పుట్టింది. ఎక్కడ? బొంబాయిలో ఒక స్క్వాడ్రన్, కలకత్తాలో ఒక స్క్వాడ్రన్. ఈ రెండు ఊళ్ళ పిల్లలకు మిగతా దేశం పిల్లల కంటే దేశభక్తి ఎక్కువని ఎవరూ అనరు. అక్కడ విమానాశ్రయాలు ఉన్నాయి, 1920ల చివర్లోనే మొదలైన ఫ్లయింగ్ క్లబ్బులు ఉన్నాయి, వైమానిక దళం అధికారులు దగ్గర్లో ఉన్నారు. మద్రాసుకి కూడా 1930 నాటికి ఫ్లయింగ్ క్లబ్బు వచ్చింది. హైదరాబాదు బేగంపేటలో యుద్ధకాలంలోనే పైలట్లకు తొలి పాఠాలు చెప్పే బడి నడిచింది. ఆ నగరంలో ఆ వాతావరణం ఆ తర్వాత కూడా ఆగలేదు. హకీంపేట వైమానిక స్థావరం వచ్చింది, దుండిగల్ అకాడమీ వచ్చింది. మరి 1950లో గుంటూరు కాలేజీ కుర్రాడికి అందుబాటులో ఏముంది? గన్నవరం దగ్గరే కదా అనవచ్చు. మ్యాపులో దగ్గరే. కాని 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తయ్యేదాకా బెజవాడ దగ్గర కృష్ణ దాటాలంటే రైలు వంతెన ఉంది గాని రోడ్డు లేదు. రైలెక్కాలి, లేదా పడవ ఎక్కాలి. పొద్దున తరగతులకు ముందు గంటసేపు జరిగే శిక్షణకు ఎవరు అలా వెళ్ళొస్తారు? ఒంగోలు, మార్కాపురం, మాచర్ల పిల్లల సంగతి అడగనే అక్కర్లేదు.

ఇక్కడ ఎన్‌సీసీ పనిచేసే తీరు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎయిర్ వింగ్‌లో చేరడానికి విద్యార్థి ఉత్సాహం ఒక్కటే సరిపోదు. కేడెట్ల సంఖ్యను కేటాయించేది విద్యాసంస్థకి. అతను చదివే స్కూలుకో కాలేజీకో ఆ విభాగం ఉండాలి, దాన్ని నడపడానికి శిక్షణ పొందిన అధ్యాపకుడు ఉండాలి, ఆ పైన ఒక స్క్వాడ్రన్ ఉండాలి, ఆ స్క్వాడ్రన్‌కి ఎగరడానికి చోటు ఉండాలి. సైన్యం విభాగానికైతే కాలేజీ గ్రౌండు, కొన్ని రైఫిళ్ళు, ఒక హవల్దారు ఉంటే బండి నడుస్తుంది. అందుకే 1950లలో తెనాలి, నరసరావుపేట, చీరాల, ఒంగోలు వంటి చోట్ల కాలేజీలు వెలిసినప్పుడు వాటితో పాటు సులువుగా రాగలిగింది ఖాకీయే. 1951లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళ హెచ్‌టీ-2 ఎగిరినా, 1958లో క్లబ్బుల కోసం పుష్పక్ వచ్చినా, ఆ విమానాలు తిరిగింది ఏరోడ్రోములున్న ఊళ్ళ మీదే. ఇప్పుడు ఎన్‌సీసీ పిల్లలను ఎక్కించుకునే మైక్రోలైట్ల విషయంలోనూ అంతే. గుంటూరు ఎన్‌సీసీ గ్రూపుకి ప్రధాన కేంద్రమైంది. అయినా ఈ ప్రాంతపు కేడెట్ ఎగరాలంటే ఊరు దాటిపోవలసిందే.

దీనివల్ల పోయిందేమిటి, సరదాగా పది నిమిషాలు గాల్లో తిరగడమేగా అనిపించవచ్చు. అంత చిన్న విషయం కాదు. సీనియర్ డివిజన్‌లో రెండేళ్ళకు బి సర్టిఫికెట్, మూడేళ్ళకు సి సర్టిఫికెట్ వస్తాయి. ఎయిర్ వింగ్ సి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకు వైమానిక దళంలో ప్రత్యేక ప్రవేశం ఉంది. మిగతావాళ్ళంతా రాసే రాత పరీక్ష వాళ్ళకు అక్కర్లేదు, నేరుగా సెలక్షన్ బోర్డు ముందుకు వెళ్ళవచ్చు. అంటే కాలేజీ ఎక్కడుందన్నది ఉద్యోగం దాకా వెంట వస్తుంది. ఖాకీ కేడెట్‌కి సైన్యంలో ఇలాంటి వెసులుబాటు ఉంది కనుక అన్యాయం పెద్దది కాదనుకున్నా, ఆకాశం వైపు వెళ్ళాలనుకున్న రేపల్లె కుర్రాడికీ, కనిగిరి అమ్మాయికీ ఆ తలుపు తెరుచుకునే ముందే మూసుకుపోయింది. 1990ల మొదట్లో వైమానిక దళం అమ్మాయిలను పైలట్లుగా తీసుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ నష్టం రెట్టింపయింది.

ఇప్పుడు తల్లిదండ్రుల వాదన దగ్గరికి వద్దాం. ఇంటర్ రాగానే పిల్లల్ని హాస్టళ్ళలో పెట్టి ఎంట్రన్సు చదివించే అలవాటు ఈ జిల్లాల్లో ఎంత బలంగా నాటుకుందో ఎవరూ కాదనలేరు. గుంటూరు దానికి పేరుపొందిన ఊరు. పరేడ్‌కి వెళ్ళే గంట చదువుకి నష్టమనే లెక్క కూడా నిజమే. కాని ఆ అలవాటు ఊపందుకున్నది 1970ల తర్వాత. అంతకు ముందు ఏం జరిగిందో చూడాలి. 1962లో చైనాతో యుద్ధం అయ్యాక 1963లో ఎన్‌సీసీని కాలేజీల్లో తప్పనిసరి చేశారు. 1968లో మళ్ళీ ఇష్టానికి వదిలేశారు. మరుసటి ఏడాది ఎన్ఎస్ఎస్ వచ్చింది. ఆ అయిదేళ్ళూ ఈ మైదానంలో డిగ్రీ చదివిన అబ్బాయిలంతా కవాతు చేశారు. ప్రభుత్వం తలచుకుంటే ఎంతమందిని తీసుకురాగలదో చెప్పడానికి అదే నిదర్శనం. బలవంతం మీద వచ్చినవాళ్ళను లెక్కలోకి తీసుకోకూడదంటే ఒప్పుకుంటాను. ఇష్టం కొలవడానికి ఆ అయిదేళ్ళు పనికిరావు. కాని ఆ కాలం ఇంకొకటి చూపిస్తుంది: అంతమంది ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు వాళ్ళకు దొరికింది నేలమీది డ్రిల్లే. ఇవ్వజూపని వస్తువుని వద్దన్నారని చెప్పడం న్యాయం కాదు.

ఈ వాదనకు ఇంకో రూపం ఉంది: ఇష్టముంటే మార్గం దొరుకుతుంది, బండ్ల శిరీష అంతరిక్షం అంచు దాకా వెళ్ళలేదా అని. వెళ్ళింది. చీరాలలో పుట్టి, తెనాలితో బంధుత్వం ఉన్న ఆమె 2021 జులై 11న వర్జిన్ గెలాక్టిక్ వాహనంలో ప్రయాణించింది. ఆ రోజు మన పత్రికలు చేసిన పండుగకు అర్థం ఉంది. అయితే ఆమె చిన్నతనంలోనే అమెరికా వెళ్ళిపోయింది. పెరిగింది హ్యూస్టన్‌లో, అంటే నాసా వ్యోమగాములు శిక్షణ పొందే ఊళ్ళో. చదివింది ఎందరో వ్యోమగాములను తయారుచేసిన పర్డ్యూ విశ్వవిద్యాలయంలో. ఆమె ప్రతిభకు ఇది తక్కువ చేయడం కాదు. ఇదే రక్తం, ఇదే భాష, ఇదే తల్లిదండ్రుల ఆశ, ఊరు మారితే ఎక్కడికి చేరిందో చూడమంటున్నాను. ఇష్టం చాలునని చెప్పడానికి తెచ్చిన ఈ ఉదాహరణే చోటు ఎంత ముఖ్యమో చెబుతోంది.

పిల్లలకు సైనిక పోకడలు నేర్పడం మంచిదా అని అడిగేవాళ్ళూ ఉన్నారు. ముఖ్యంగా గాంధీ మార్గంలో పన్నులు మానేసిన పెదనందిపాడు పక్కన నిలబడి ఆ ప్రశ్న వేయవచ్చు. అది గంభీరమైన ప్రశ్నే. కాని అది ఖాకీకీ నీలానికీ సమానంగా వర్తిస్తుంది. పైగా ఎయిర్ వింగ్‌లో తుపాకీ కంటే వాతావరణ శాస్త్రం, గాలి ధర్మాలు, ఇంజను పనితీరు, నమూనాల తయారీ ఎక్కువ. సైనిక వాసన పడనివాళ్ళు కూడా ఈ విభాగాన్ని ముందు ఒప్పుకోవాలి.

చోటే అడ్డంకి అన్న మాటను పరీక్షించడానికి ఈ మధ్య అనుకోకుండా డ్రోన్ల రూపంలో ఒక అవకాశం వచ్చింది. ఇక్కడి పంటలకు పురుగు ఎంత శాపమో చెప్పనక్కర్లేదు. 1980ల నడుమ పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది, 1987లో ప్రకాశం జిల్లా పత్తి రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి. 2021-22లో మిరప మీదికి నల్ల తామర పురుగు వచ్చి పువ్వుని పువ్వుగానే తినేసింది. మందు కొట్టడం ఈ నేలమీద వ్యవసాయంలో సగం పని అయింది. ఆ పని ఇప్పుడు డ్రోన్ల చేతికి వస్తోంది. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్ళు నిండి, పది పాసైనవాళ్ళు శిక్షణ తీసుకుని రిమోట్ పైలట్ కావచ్చు. గుంటూరు పక్కన లాంలో ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం విమానయాన శాఖ అనుమతితో ఆ శిక్షణ ఇస్తోంది. 2023 నవంబరులో కేంద్రం పదిహేను వేల మహిళా సంఘాలకు డ్రోన్లు ఇచ్చే పథకాన్ని ఆమోదించింది. డ్రోన్‌కి రన్‌వే అక్కర్లేదు, చేని గట్టు చాలు. శిక్షణ ఊరి దగ్గరికి రాగానే డ్వాక్రా ఆడవాళ్ళు కూడా పైలట్ అనిపించుకునే వీలు కలిగింది. రన్‌వే అక్కర్లేని యంత్రం నీ వాదనను కొట్టేస్తోంది కదా అనవచ్చు. నాకైతే అది వాదనకు బలం. దూరం తీసేస్తే ఈ ప్రాంతం మనిషి వెనకాడడం లేదు. కాకపోతే రిమోట్ పట్టుకోవడమూ విమానం లోపల కూర్చోవడమూ ఒకటి కాదు. ఒకటి వచ్చింది కనుక రెండోది అక్కర్లేదనడం తొందరపాటు.

ఆ రెండోదానికి కావలసిన వసతులు ఇప్పుడు ఈ జిల్లాల చుట్టుపక్కల లేవా? ఉన్నాయి, ముందెన్నడూ లేనంతగా ఉన్నాయి. బాపట్ల దగ్గర సూర్యలంకలో వైమానిక దళం స్టేషన్ ఉంది. 2020 చివర్లో ఆకాశ్ క్షిపణుల ప్రయోగాలు అక్కడే జరిగాయి. అద్దంకి దగ్గర పదహారో నంబరు జాతీయ రహదారి మీద విమానాలు దిగేందుకు 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పున కాంక్రీటు పట్టీ వేశారు. 2022 డిసెంబరు 29న దానిమీద తొలిసారి విమానాలు పరీక్షించారు. 2024 మార్చి 18న సుఖోయ్, హాక్ యుద్ధ విమానాలు దానిమీదుగా తక్కువ ఎత్తున దూసుకుపోయాయి, ఏఎన్-32, డోర్నియర్ దిగి మళ్ళీ లేచాయి. ఆ హైవే మీద రోజూ లారీలు తిరగాలి కనుక అక్కడ కేడెట్లకు శిక్షణ ఇమ్మని ఎవరూ అడగరు. కాని ఈ నేల విమానానికి పనికిరాదన్న సాకు మాత్రం ఇక చెల్లదు. ఇంకా ముఖ్యమైనది, 2020 ఆగస్టు 15న ఎర్రకోట నుంచి ప్రధాని చేసిన ప్రకటన. సరిహద్దు, తీరప్రాంతాల్లోని 173 జిల్లాలకు ఎన్‌సీసీని విస్తరించి లక్షమంది కొత్త కేడెట్లను తీసుకోవాలని, అందులో మూడోవంతు అమ్మాయిలు ఉండాలని, వైమానిక స్థావరాల దగ్గరి యూనిట్లకు వైమానిక దళమే శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. తీరమూ ఉంది, స్థావరమూ ఉంది. ఆ ప్రకటనలోని షరతులకు బాపట్ల తీరం కంటే చక్కగా సరిపోయే చోటు రాష్ట్రంలో ఎన్ని ఉంటాయి?

దొనకొండ స్థలం విమానాశ్రయాల ప్రాధికార సంస్థ జాబితాలోనే ఉంది. మైక్రోలైట్ లేవడానికీ దిగడానికీ కిలోమీటర్ల కాంక్రీటు అక్కర్లేదు, కొన్ని వందల మీటర్ల చదునైన నేల చాలు. ప్రయాణికుల విమానాలు వచ్చేది ఎప్పుడో, వస్తాయో రావో తేలేదాకా ఆ నేలను కంచె వేసి ఉంచడం కంటే ఏడాదికి కొన్ని వారాలు కేడెట్ల ఫ్లయింగ్ క్యాంపుకి ఇవ్వడం ఖర్చు తక్కువ పని. మార్కాపురం, దర్శి, ఒంగోలు, నరసరావుపేట, గుంటూరు కాలేజీల ప్రిన్సిపాళ్ళు ఎయిర్ వింగ్ కావాలని దరఖాస్తు పెట్టాలి. ఈ జిల్లాల ఎంపీలు రక్షణ శాఖను, విమానయాన శాఖను ఒకేచోట కూర్చోబెట్టి దొనకొండ గురించి అడగాలి.